అంతరిక్షంలో నమ్మశక్యం కాని ఒకే ఒక్క సంగతి

అంతరిక్ష కథలకు పట్టిన చీడ సైన్సు! అది బొత్తిగా తెలియని ఎడిటర్ దొరకడం రచయిత చేసుకున్న అదృష్టం. నాకు దొరికారు. మీరు కుళ్లుకున్నా సరే, చెప్పి తీరతాను.

నేనొక వారపత్రికకు అంతరిక్ష సీరియల్ రాస్తున్నాను. మా అక్క ఆక్సిజన్ సిలిండర్ల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇంజినీరు. ప్రతి వారం నా కాగితాలు లాక్కుని ఎర్ర పెన్నుతో వాటి మీద పడుతుంది.

"ఒరేయ్, గాలే లేనిచోట నీ హీరోకి పేలుడు చప్పుడు ఎలా వినపడిందిరా?"

"వాడి చెవులు మంచివక్కా."

"పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి ఇంకో నక్షత్రం చేరాడా? వెలుగుకే నాలుగేళ్లు పడుతుంది!"

అక్క మాట కాదనలేక దిద్దేవాణ్ణి. ఎడిటర్ గారు ఆ దిద్దుబాట్లన్నీ ఒక్క గీతతో కొట్టేసేవారు. "నాలుగేళ్లా? పాఠకుడు వారం ఆగడమే గొప్పండీ! వేగం పెంచండి!"

పెంచాను. ఇంధనం అయిపోతే హీరో నిట్టూర్పుతోనే ఇంజిన్ నడిపించాను. ఒక గ్రహం దారి తప్పితే పక్క గ్రహానికి తాడేసి కట్టించాను. కాదంటూ ఒక్క ఉత్తరమైనా వచ్చిందా? రాలేదు! ఊహకు ఇంత స్వేచ్ఛ ఏ సైంటిస్టు ఇస్తాడో చెప్పండి!

పోయిన నెల అక్క ఎర్ర పెన్ను పక్కన పడేసింది. "నీ ఇష్టమొచ్చినట్టు ఎగరేసుకో. నాకోసం ఒక్క సీను రాయి" అంది.

చిన్న సీనే. నౌక బయల్దేరబోతుంది. ఇంజినీరమ్మ వచ్చి, వాల్వులో పగులుంది, ఆపండి అంటుంది. కెప్టెన్ ఆపేస్తాడు. అంతే.

ఎడిటర్ గారు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది నమ్మేలా లేదండీ."

"నిట్టూర్పుతో నడిచే ఇంజిన్ని నమ్మారు కదండీ!"

"అది వేరు. ఇక్కడ తేదీ ప్రకటించేశారు, అతిథులు వచ్చి కూర్చున్నారు. ఎవరో ఒకావిడ వచ్చి పగులుందంటే ఆపేస్తారా? కథకైనా కాస్త లోకజ్ఞానం ఉండాలి."

ఒళ్లు మండి ఇంటికెళ్లి అక్కకు చెప్పాను. ఆయన్ని నాలుగు తిడుతుందనుకున్నాను. బట్టలు మడతపెడుతున్న మనిషి తల కూడా ఎత్తలేదు.

"ఆయన అన్నది నిజమేరా. మా మూడో లైను వాల్వు గురించి ఎన్నిసార్లు రాసిచ్చానో! ఆర్డరు పూర్తయ్యాక చూద్దాం అన్నారు."

ఆర్డరు పూర్తి కాలేదు. ఆ మంగళవారమే మూడో లైను పేలింది. ఇద్దరు వెల్డర్లు ఆస్పత్రిలో ఉన్నారు. ఒకాయనకు చూపు వస్తుందో రాదో డాక్టర్లు చెప్పడం లేదు. అక్క రోజూ వెళ్లి వాళ్ల దగ్గర కూర్చుంటోంది. ప్రమాదాన్ని ముందే ఎందుకు పసిగట్టలేదంటూ ఫ్యాక్టరీ వాళ్లు ఆమెకే నోటీసు ఇచ్చారు.

నేను సీను మార్చి రాశాను. ఇంజినీరమ్మ చెబుతుంది, కెప్టెన్ పక్కకు జరగమని చేత్తో సైగ చేస్తాడు, నౌక లేస్తుంది.

ఎడిటర్ గారు నా భుజం తట్టారు.

"ఇదండీ! ఇప్పుడు అచ్చం సైన్సులా ఉంది!"