రగ్బీ గుంపులో ఒక ఎక్స్‌రే

ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేయడమేమనగా, మన దీవి ఇంటర్నెట్ ఇకపై పెద్దా చిన్నా మర్యాద పాటిస్తుంది. ఈ ప్రకటనను కౌన్సిల్ గోడకు అంటించినవాడు సెమిసి. దీవికంతటికీ ఉన్నది ఒక్క ఉపగ్రహ లింకు, ఒక్క సర్వరు, వాటిని కాచుకోవడానికి ఒక్క సెమిసి. సర్వరులో నడిచే ప్రోగ్రాములను గుంపులుగా విడదీసి, గుంపుకో ముద్ర వేస్తే, ఎవరి సమాచారం ముందు వెళ్లాలో యంత్రమే చూసుకుంటుంది.

ముద్రలు పంచడానికి పెద్దలు కావా వేరు రసం తాగుతూ సమావేశమయ్యారు. కూర్చున్న వరసే ముద్రల వరస అయింది. అధ్యక్షుడు మానాసె చూసే రగ్బీకి మొదటిది, పాస్టరుగారి బృందగానానికి రెండోది, పందుల పెంపకందారుల సంఘానికి మూడోది. ఆసుపత్రికి ఏదీ దక్కలేదు, నర్సు ఓఫా సమావేశానికి రాలేదు మరి. రోగులున్నారట! ఈ బాధ్యతారాహిత్యానికి కౌన్సిల్ తీవ్ర విచారం వ్యక్తం చేసింది.

శనివారం సెమిసి మేనత్త లుపె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రాజధాని డాక్టరు ఎక్స్‌రే చూస్తేగానీ విమానం పంపడు. చీకటి పడితే మన రన్‌వే మీద విమానం దిగదు. ఎక్స్‌రే మాత్రం రగ్బీ వెనకాల నిలబడి ఉంది.

"ఒరేయ్ సెమిసీ! నీ పెళ్లిలో మేనత్త మర్యాద కింద పెద్ద పంది ఎవరికిచ్చావు? నాకే కదా! ఇప్పుడు నా ఎముక కంటే ఆ మానాసెగాడి బంతి ఎక్కువైందిరా?" అని మంచం మీంచే అరిచింది లుపె.

సెమిసి పరుగున వెళ్లి అధ్యక్షుణ్ణి బతిమాలాడు.

మానాసె టీవీ మీంచి చూపు తిప్పలేదు. "వ్యవస్థ పవిత్రమైనది నాయనా. ఇవాళ మీ అత్తకు సడలిస్తే, రేపు జబ్బుపడ్డ ప్రతివాడూ వస్తాడు. అర్జీ పెట్టుకోమను."

సెమిసికి ఒళ్లు మండిపోయింది. యంత్రం ముద్ర చూస్తుందేగానీ లోపలేముందో చూడదు. ఎక్స్‌రే పంపే ప్రోగ్రామును తీసుకెళ్లి రగ్బీ గుంపులో కూర్చోబెట్టాడు. మానాసె టీవీలో బంతి ఒక్క క్షణం గాల్లో ఆగింది. పొద్దుండగానే విమానం వచ్చింది. స్ట్రెచర్ మీద కూడా లుపె తిట్లు ఆపలేదు.

ఆనాటినుంచి ఆసుపత్రి రగ్బీ గుంపులోనే ఉంటోంది. తుఫాను హెచ్చరికలూ గుట్టుగా అక్కడికే చేరాయి.

సంవత్సరాంతపు సమీక్షలో, రగ్బీకి మొదటి ముద్ర ఇచ్చాక దీవిలో ప్రాణాలు నిలుస్తున్నాయని తేలింది. మానాసె లేచి, "ఆట చూస్తే ఆరోగ్యమని నేనెప్పుడో చెప్పలేదూ?" అన్నాడు. కొత్త ఎక్స్‌రే యంత్రానికి దాచిన సొమ్ముతో ఇంకా పెద్ద టీవీ కొనాలని తీర్మానించారు. సభ చప్పట్లతో మారుమోగింది.

సెమిసి కూడా కొట్టాడు. కొట్టకపోతే అనుమానమొచ్చి సర్వరు లెక్కలు తవ్వుతారు, ఆసుపత్రి మళ్లీ వరస చివరికి పోతుంది. అయినా, చప్పట్లు ఎందుకు కొట్టాలో మీకు ఒకరు చెప్పాలా?