కిర్మానీ సాహెబ్ నవ్వుకు దొరికిన రుజువు

ఒక మనిషి నవ్వించగలడో లేదో తేల్చడం ప్రేక్షకులకు వదిలేయదగినంత చిన్న విషయం కాదు. అందుకే మా కరాచీలోని గుల్‌మొహర్ టీవీలో హాస్య నిర్ధారణ విభాగం వెలసింది. (ఆ గదిలో నవ్వరాదన్న బోర్డు కూడా ఉంది.)

డెబ్బై రెండేళ్ల వయసులో ఫసీహ్ కిర్మానీ గారు ఆ గడప తొక్కారు. ఆయన రాసి, తీసి, నటించిన హాస్య సీరియల్ ‘మూడో అంతస్తు’ వచ్చే గురువారాల్లో ఈ ఊళ్లో నిఖాలు గంట ముందుకు జరిగేవి. దాని రెండో భాగం రాసుకున్నారు. కాళ్లు ఇంకా మాట వింటుండగానే స్వయంగా తీయాలన్నది ఆయన ఆశ. అయితే దర్శకుడిగా ఆయన గుర్తింపు కార్డుకు గడువు తీరింది. కొత్తది కావాలంటే పాత టేపు చూపాలి. ఆ టేపులన్నిటి మీదా అప్పట్లోనే క్రికెట్ మ్యాచులు ఎక్కించేశారు. (కిర్మానీ గారు అడ్డు చెప్పలేదు. ఆ రోజుల్లో ఆయనా మ్యాచే చూస్తున్నారు.)

“టేపు లేకపోతే ఎట్లా జనాబ్?” అన్నారు విభాగాధిపతి లోధీ గారు.

“చెరిపింది మీవాళ్లే కదా భాయ్.”

“చెరిపినట్టు కాగితం ఏదైనా ఉందా?”

“లోధీ సాహెబ్, నా డైలాగు చెప్పి మీ బేగం అలక తీరుస్తుంటానని పోయిన ఈద్‌కి మీరే అన్నారు.”

“అన్నాను. అది ఇంటి సంగతి. ఆఫీసులో నేను మిమ్మల్ని ఎరగను.”

మూడు నెలలు వెతగ్గా అదృష్టం తలుపు తట్టింది. ఒక మ్యాచ్ వానకు మధ్యలోనే ఆగిపోవడంతో, ఆ టేపు చివర ‘మూడో అంతస్తు’ నిమిషన్నర మిగిలిపోయింది. విభాగం కమిటీ చాయ్ తాగుతూ చూసింది. తెర మీద ఖాళీ మెట్లు. ప్రేక్షకుల నవ్వు మాత్రం ఆగడం లేదు.

“అప్పుడే మెట్లు దిగి వెళ్లిపోయాను. అందుకే ఆ నవ్వు,” అన్నారు కిర్మానీ గారు.

“మెట్లను చూసి నవ్వలేదని ఎట్లా చెప్పగలం?” అంది కమిటీ.

అంతా సద్దుమణిగాక ఒంటరి నవ్వొకటి వినిపించింది.

“అది నాది. కెమెరా వెనక్కి వచ్చేసి నవ్వాను. ఆ రోజు ఎంత బాగా కుదిరిందో మీకు తెలియదు,” అన్నారాయన.

కమిటీ ఆయన్ను మూడుసార్లు నవ్వమని చెప్పి, టేపుతో పోల్చి చూసింది. మొదటి రెండూ కుదరలేదు. మూడోది, తన గతి తలచుకుని నవ్విన నవ్వు, సరిపోయింది.

తీర్పు వెంటనే వచ్చింది: హాస్యం జరిగినట్లు రుజువైంది, చేసినవారు తేలలేదు, దరఖాస్తుదారు నవ్వినట్లు మాత్రం ధ్రువపడింది. ఆ మేరకు ‘ప్రేక్షకుడు, నవ్వుటకు మాత్రమే’ అన్న కార్డు ఇచ్చారు.

రెండో భాగం ఇప్పుడు లోధీ గారి మేనల్లుడు తీస్తున్నాడు. కిర్మానీ గారు రోజూ వేళకు వచ్చి ముందు వరుసలో కూర్చుంటున్నారు. రోజుకొకటి చొప్పున ఏడు ఎపిసోడ్లు పూర్తయ్యాయి. ఆయన ఇంతవరకు నవ్వలేదు కనుక, హాజరు పట్టీలో ఏడు రోజులూ రానట్టే రాశారు.