ఫ్రిజ్జు మీద నిఘా

ఆ ఆదివారం పొద్దున్నే భువనగిరిలో వీరేశం ఇల్లంతా హడావుడిగా ఉంది. కూతురు మనీష మామగారు రఘుపతి, పెండ్లయ్యాక మొదటిసారి భోజనానికి వస్తున్నాడు. మర్యాదలో పిసరంత తగ్గినా ఆయన అలుగుతాడు. అందుకే వీరేశం భార్య పుష్పమ్మ, కల్లు గీసే కాటమయ్యను బతిమాలి తాటికల్లు తెప్పించింది. సీసాలకు మూతలు గట్టిగా బిగించి ఫ్రిజ్జులో దాచింది. మొగుడికి చెప్పలేదు. చెబితే వియ్యంకుడికంటే ముందు ఆయనే రుచి చూస్తాడు.

వీరేశానికి ఈమధ్య వేరే పిచ్చి పట్టింది. ఏది ఎంత కరెంటు తింటోందో ఫోనులో చూపించే ప్లగ్గులు తెచ్చి ఇంట్లో ప్రతిదానికీ తగిలించాడు. ఎక్కడున్నా ఫోనులోంచే ఆపేయవచ్చు కూడా. మిక్సీ గిర్రుమంటే చాలు, బజార్లో ఉన్నా ఫోను చేసి అరుస్తాడు. పుష్పమ్మకు ప్రాణం విసిగిపోయింది.

వియ్యంకుణ్ణి తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లిన వీరేశం, ఊరికే కూర్చోలేక ఫోను తెరిచాడు. ఫ్రిజ్జు తెగ తింటోంది.

"సల్లటి నీళ్లకు గింత కరెంటా!" అని దాన్ని ఆపేశాడు.

బస్సు మిట్టమధ్యాహ్నానికి గానీ రాలేదు. ఈలోగా ఎండకు, పొయ్యి వేడికి వంటిల్లు ఉడికిపోయింది. ఫ్రిజ్జులో కల్లు పొంగింది. సీసాలు ఒకదాని వెంట ఒకటి ఢామ్మని పేలాయి.

"వామ్మో, ఫ్రిజ్జు పేలింది!" అంటూ పుష్పమ్మ మెయిన్ ఆపేసి వాకిట్లోకి ఉరికింది.

రఘుపతి గడప దాటేసరికి ఫ్యాను లేదు, ఇల్లంతా కల్లు వాసన. ఆయన ముఖం మాడిపోయింది.

"ఏం బావా, నేనొచ్చేదాంక ఆగలేకపోయిండ్రా? అంతా మీరే తాగిండ్రు గదా. నే పోత!" అని మళ్లీ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"అయ్యో అన్నా, జర ఆగుండ్రి! మీ కోసమే తెప్పిచ్చిన. ఫ్రిజ్జు పేలి అంతా పాయె!" అంది పుష్పమ్మ ఏడుపు గొంతుతో.

"ఫ్రిజ్జు యాడన్న పేల్తదా చెల్లె? గట్ల చెప్తే నమ్మాల్నా?"

వీరేశం ఫ్రిజ్జు తలుపు తీస్తే లోపల పగిలిన కల్లు సీసాలు కనిపించాయి. పరువు పోతుంటే ఇక ఆగలేకపోయాడు. ఫోను ఆయన కళ్లముందు పెట్టాడు.

"ఫ్రిజ్జు పేలలే బావా, సీసాలు పేలినయ్! గిదో సూడు, పొద్దుగాల నేనే బంద్ చేసిన. మేం చుక్క తాగలే!"

అన్న తర్వాత గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. పుష్పమ్మ మెల్లగా అతని వైపు తిరిగింది.

రఘుపతి ఫోను చూశాడు, పుష్పమ్మ ముఖం చూశాడు, చెప్పులు విడిచి తాపీగా కుర్చీలో కూర్చున్నాడు.

"నా మర్యాద నిలవడ్డది బావా. ఇగ నీది ఏమైతదో సూసే పోత."

కాటమయ్య మళ్లీ చెట్టెక్కాల్సి వచ్చింది. ప్లగ్గులన్నీ పీకేశారు, ఒక్కటి తప్ప. అది వీరేశం పడుకునే గదిలో కూలరుకుంది; దాన్ని ఆపే ఫోను పుష్పమ్మ దగ్గరుంది.