రెట్టరాత్ గారి తెల్ల కారు

ఆ శనివారం ఎవాల్డ్ రెట్టరాత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే రింగ్ అనే రేసు దారి గేటు తెరవగానే కొత్త కారుతో ఒకే ఒక్క చుట్టు కొట్టాలి. ఇంటికొచ్చి చేతులు కడుక్కోవాలి. పదకొండింటికి మీస్ గారి శవయాత్రకు ముందు నిలబడాలి.

ఐఫెల్ కొండల్లోని వీసెన్‌బాఖ్ ఊళ్ళో మూడు తరాలుగా అంత్యక్రియలు జరిపిస్తున్న కుటుంబం వాళ్ళది. ఎవాల్డ్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. బండి నడపడం వచ్చిన నాటి నుంచీ అతను నడిపినదంతా శవయాత్రలకు ముందే. మనిషి నడిచే వేగం, మహా అయితే సైకిలు వేగం. అలా నల్ల కోటు వేసుకుని మెల్లగా పాకుతుంటే, కొండ అవతల రింగ్ రేసు దారి మీద ఇంజన్లు గర్జించేవి. ఆ గర్జన వింటూ ముఖం విచారంగా పెట్టుకోవడానికి అతను పడిన కష్టం పగవాడికి కూడా వద్దు.

అందుకే మూడేళ్ళు ఎదురుచూసి ఆ కారు కొన్నాడు. రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉందిగాని, అది పుట్టింది మాత్రం రేసు దారి కోసం. వెనక సీట్లు లేవు. కింద తివాచీ లేదు. తలుపుకి లోపలి పిడి బదులు ఒక గుడ్డ పట్టీ. వెనక భోజనాల బల్లంత రెక్క. ఆరు వైపుల నుంచి వచ్చి పొట్ట మీద కలిసే బెల్టు. ఎవాల్డ్ దాన్ని శవపేటికల గోదాములో దాచి, పైన నల్ల పట్టుగుడ్డ కప్పాడు. రోజూ సాయంత్రం ఆ గుడ్డ ఒక మూల ఎత్తి చూసుకుని, మళ్ళీ కప్పి వచ్చేవాడు.

"కార్పెట్ తీసేశారు, రేడియో తీసేశారు, వెనక సీటు తీసేశారు," అంది అతని భార్య రోస్విథా. "తీసేసినకొద్దీ రేటు పెరిగే వస్తువును నా జన్మలో ఇప్పుడే చూస్తున్నా."

"తేలిక, రోస్విథా! అంతా ఆ తేలికలోనే ఉంది. పిడి తీసేసి పట్టీ పెడితే ఎంత బరువు తగ్గుతుందో నీకు తెలీదు."

"నీ పొట్ట తగ్గించుకుంటే పిడీ ఉంచుకోవచ్చు, రేడియో కూడా వినొచ్చు."

ఆ మాట గట్టిగానే తగిలింది. మర్నాటి నుంచి ఎవాల్డ్ పొద్దున రొట్టె మీద లివర్ సాసేజ్ రాసుకోవడం మానేశాడు.

రోస్విథా పెట్టిన షరతు ఒక్కటే. "ఊళ్ళో ఎవరూ నిన్ను అందులో చూడకూడదు. ముఖ్యంగా మీస్ గారి సంఘంవాళ్ళు. చూశారంటే ఇక మన దగ్గరికొచ్చి ఎవరు చస్తారు?"

ఆమె భయంలో అర్థం ఉంది. చనిపోయిన లియోన్‌హార్ట్ మీస్ రిటైరైన బడిపంతులు. రింగ్ చప్పుడుకి వ్యతిరేకంగా పెట్టిన సంఘానికి ముప్పై ఏళ్ళు అధ్యక్షుడు. మోటారు వాహనాల మీద ఎంత కోపమంటే, జన్మలో కారు కొనలేదు. ఆ సంఘంలో ఉన్నవాళ్ళంతా డెబ్బై దాటినవాళ్ళు. వృత్తిరీత్యా ఎవాల్డ్‌కి అంతకన్నా ముఖ్యమైన సంఘం ఇంకోటి లేదు.

టైము కలిసొస్తుందని ఆ పొద్దున నల్ల సూటు వేసుకునే బయలుదేరాడు. దాని మీద హెల్మెట్ పెట్టుకున్నాడు. రింగ్ గేటు దగ్గరికి చేరేసరికి పొగమంచు. ఐఫెల్ మంచు అంటే ముందున్న కారు కాదు, తన కారు ముక్కే కనపడదు. మంచు విడిస్తేగాని గేటు తెరవబోమన్నారు. రెండు వైపులా ఇనుప కమ్మీలు, ముందో నాలుగు కార్లు, వెనక ఒకటొకటిగా వచ్చి చేరిన మరో ఇరవై. అటు పోవడానికి లేదు, ఇటు రావడానికి లేదు. ఇప్పుడు విడుస్తుంది, అప్పుడు విడుస్తుంది అనుకుంటూ ఎవాల్డ్ ఆ ఆరు పట్టీల బెల్టులో బిగుసుకుని కూర్చున్నాడు.

పదకొండు కావస్తుండగా ఫోను మోగింది. రోస్విథా. చర్చి వసారాలోంచి గుసగుసగా మాట్లాడుతోంది.

"ఎక్కడ చచ్చావు? లోపల ఆఖరి పాట పాడుతున్నారు!"

"గేటు దగ్గర. వెనక్కి రాలేను."

"ముందు నడిపే నల్ల కారు తాళాలేవీ?"

ఎవాల్డ్ కోటు జేబు తడుముకున్నాడు. తాళాలు అక్కడే ఉన్నాయి.

"కంగారుపడకు. మీరు మెల్లగా శ్మశానానికి బయలుదేరండి. రింగ్ గేటు ముందునుంచేగా దారి. మంచు విడవగానే నేను ఒక్క చుట్టు పూర్తిచేసి, మీకన్నా ముందే శ్మశానం మలుపు దగ్గర ఉంటా. తెల్ల కారు, వెనక రెక్క ఉంటుందని ఎక్‌హార్ట్‌కి చెప్పు. మలుపు దగ్గర నేను కనపడగానే—"

చేతి తొడుగులోంచి ఫోను జారి సీటు కిందికి పోయింది. వంగుదామంటే బెల్టు వంగనివ్వదు. సీటు కింద రోస్విథా గొంతు కాసేపు తిట్టి ఆగిపోయింది.

ఎక్‌హార్ట్ శవవాహనం నడిపే డ్రైవరు. పాతికేళ్ళుగా ఎవాల్డ్ బండి వెనకే బండి నడిపినవాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది చావనైనా చస్తాడుగాని చెయ్యడు. రోస్విథా అతని దగ్గరికి పరుగెత్తి పాట హోరులో తనకి వినబడినంతవరకు చెప్పింది. "సారు రింగ్ గేటు దగ్గర తెల్ల కారులో ఉన్నారు. వెనక రెక్క ఉంటుంది. కనపడగానే ఆయన వెనకే వెళ్ళు."

"సరేనమ్మా," అన్నాడు ఎక్‌హార్ట్.

సొంత కారు లేదు కాబట్టి మీస్ గారి భార్య వాల్‌బుర్గా శవవాహనంలోనే ముందు సీట్లో కూర్చుంది. వెనక పేటికలో మీస్ గారు. ఆ వెనక సంఘ సభ్యుల కార్లు వరసగా కదిలాయి. శవయాత్ర రింగ్ గేటు దగ్గరికి వచ్చేసరికి మంచు అప్పుడే విడుస్తోంది. ఎక్‌హార్ట్‌కి రెక్క కనపడింది. సిగ్నలు వేసి ఎడమకి తిప్పాడు.

"ఎక్‌హార్ట్, శ్మశానం తిన్నగా కదా?" అంది వాల్‌బుర్గా.

"సారు ఇక్కడున్నారమ్మా."

క్యూలో ఉన్న కార్లవాళ్ళు అద్దంలోకి చూసి నిర్ఘాంతపోయారు. శవయాత్రకి దారివ్వని మనిషి ఐఫెల్‌లో లేడు. ఇరవై కార్లూ కమ్మీలకి ఆనుకుంటూ పక్కకి ఒరిగాయి. ఆ సందులోంచి ఎక్‌హార్ట్ మెల్లగా వచ్చి, సరిగ్గా తెల్ల కారు వెనక ఆగాడు. తల తిప్పలేని ఎవాల్డ్‌కి ఇదేమీ తెలీదు. అతని అద్దంలో రెక్క తప్ప ఇంకేమీ కనపడదు.

గేటు తెరిచారు. ముందున్న నాలుగు కార్లూ, కమ్మీల అవతలి వరసల్లోని కార్లూ దూసుకుపోయాయి. ఎవాల్డ్ టికెట్ కార్డు చూపించాడు, అడ్డకర్ర లేచింది. తెల్ల కారు లోపలికి పోయింది. అడ్డకర్ర దగ్గర పనిచేసే హెడ్విగ్ తర్వాతి బండి చూసి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"కార్డుందా?" అని అడిగింది, అడిగినందుకు తనే సిగ్గుపడుతూ.

"మేము ఆయనతో వచ్చాం," అన్నాడు ఎక్‌హార్ట్, తెల్ల కారు చూపించి.

ముందున్నది రెట్టరాత్ గారు, వెనకున్నది ఆయన బండి. అనుమతి లేకుండా శవాన్ని తెచ్చే మనిషి కాదు. పైగా పోయినవాళ్ళని టికెట్ ఎవరడుగుతారు? హెడ్విగ్ అడ్డకర్ర పైకెత్తి, టోపీ తీసి, ఆఖరి కారు వెళ్ళేదాకా అలాగే నిలబడింది.

లోపల ఎవాల్డ్ జీవితంలో మొదటిసారి యాక్సిలరేటరు అడుగుదాకా తొక్కాడు. వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంజను అరుపు ఎముకల్లోకి దిగింది. ఎవరూ వినడం లేదన్న ధైర్యంతో అతను కూడా అరిచాడు. మొదటి మలుపు దగ్గర బ్రేకు వేసి, పక్క అద్దంలోకి చూశాడు.

వెనక శవవాహనం.

ఎవాల్డ్ కళ్ళు మూసి తెరిచాడు. అది అక్కడే ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, లైట్లు వేసుకుని మంచులోంచి వస్తోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఎవాల్డ్‌కి వెనకున్నది నిజంగానే గొయ్యికి బయలుదేరిన బండి. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కోసం పంపిన బండి ఇవాళ తన కోసం వచ్చిందనుకున్నాడు. పైప్రాణాలు పైనే పోయాయి. కాలు దానంతటదే మళ్ళీ యాక్సిలరేటరు మీద పడింది.

"సారు వెళ్ళిపోతున్నారు!" అన్నాడు ఎక్‌హార్ట్.

"అయితే తొక్కు మరి! చూస్తావేం?" అంది వాల్‌బుర్గా, పిడి రెండు చేతులా పట్టుకుని.

ఎక్‌హార్ట్ తొక్కాడు. వెనకున్న సంఘ సభ్యులు కూడా తొక్కారు. అధ్యక్షుడు పోతుంటే వెనకబడటం బాగుండదు. పల్లం దిగేచోట శవవాహనం మీది పెద్ద పూలచక్రం ఊడి గాల్లోకి లేచింది. రోడ్డు మీద పడి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ వచ్చి, తెల్ల కారు రెక్కని రాసుకుంటూ పక్కనుంచి దాటింది. దాని రిబ్బను మీద బంగారు అక్షరాలు ఎవాల్డ్ చదివాడు: "లియోన్‌హార్ట్‌కి, నీ సంఘం."

యముడు రిబ్బను మీద పేరు తప్పు రాయడు. అప్పుడు ఎవాల్డ్‌కి అసలు సంగతి బుర్రకెక్కింది. యముడైతేనే బాగుండేదనిపించింది.

ఆ దారి ఒకవైపే నడుస్తుంది. మధ్యలో తిరగడానికి లేదు, బయటపడటానికి లేదు. కొండలు ఎక్కి దిగి మళ్ళీ గేటు దాకా పోవాల్సిందే. ఎవాల్డ్ చెమటలు కక్కుతూ, తనకి తెలిసిన ఒకే ఒక పని చేశాడు. వేగం తగ్గించి, నాలుగు లైట్లూ వెలిగించి, వీపు నిటారుగా పెట్టి, శవయాత్రకి ముందు నడిచాడు.

దొర్లుతున్న పూలచక్రాన్ని చూసిన దారి పక్క కాపలావాళ్ళు జాగ్రత్త అంటూ పసుపు జెండా ఊపారు. దాని వెనక శవవాహనాన్ని చూసి ఎర్రజెండా ఎత్తారు. రింగ్ అంతా ఆగిపోయింది. ఎక్కడి కార్లు అక్కడ పక్కకి నిలిచాయి. ఇంజన్లు ఆపారు. రంగురంగుల సూట్లు వేసుకున్న కుర్రాళ్ళు, పెద్దవాళ్ళు కార్లు దిగి నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒకడు హెల్మెట్ తీశాడు. పక్కవాడు తీశాడు. మలుపు మలుపుకీ హెల్మెట్లు చంకలో పెట్టుకుని తలలు వంచిన మనుషులు. వాళ్ళ మధ్యనుంచి తెల్ల కారు చీమలా పాకింది. ఎవాల్డ్ ఎవరి ముఖంలోకీ చూడలేదు. పోలీసులు, కోర్టు, పేపర్లు, రోస్విథా ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు తిరిగాయి. అన్నిటికన్నా రోస్విథాయే పెద్దగా కనపడింది.

చుట్టు పూర్తయ్యే చోటికి వచ్చాక అలవాటు ప్రకారం పక్కకి తప్పుకున్నాడు. ప్రయాణం ముగిసేచోట పోయినవారిని ముందుకి పంపడం తాతల నాటి పద్ధతి. శవవాహనం అతన్ని దాటి వెళ్ళి గేటు బయట ఆగింది. ఎవాల్డ్ దాని వెనకే ఆగాడు. బెల్టు విప్పుకుందామంటే ఎంత తడుముకున్నా బొత్తం దొరకడం లేదు.

వాల్‌బుర్గా దిగి నడిచి వచ్చింది. తెల్ల జుట్టు రేగిపోయి ఉంది. నల్ల టోపీ చెవి మీదికి జారింది. అద్దం మీద వేలితో కొట్టింది.

"కిందికి దిగు, ఎవాల్డ్."

"దిగలేకపోతున్నానమ్మా. బెల్టు రావడం లేదు."

"అయితే కూర్చునే విను."

"నన్ను క్షమించండమ్మా. తప్పంతా నాదే. మీకు ముఖం చూపించలేను—"

"హెల్మెట్ పెట్టుకున్నావు, ముఖం ఎలాగూ కనపడటం లేదు. విను ముందు." ఆమె తిరిగి శవవాహనం వైపు చూసింది. "మా ఆయన ముప్పై ఏళ్ళు మంత్రులకి రాశాడు. కోర్టుకెక్కాడు. ఈ దారి ఒక్క శనివారం పొద్దున మూయండి, పెరట్లో కూర్చుని పిట్టల కూత వింటాం అని బతిమాలాడు. మూయలేదు. ఎదురుపడితే ఈ కార్లవాళ్ళు నవ్వేవాళ్ళు కూడాను. ఇవాళ మూశారు. ఇంజన్లు ఆపి, తల వంచి నిలబడ్డారు, ఆయన కోసం. అద్దం దింపుకుని విన్నాను ఎవాల్డ్. దారి పొడుగూతా పిట్టలు."

ఎవాల్డ్‌కి హెల్మెట్ లోపల కళ్ళు తడిశాయి, తుడుచుకునే దారి లేదు.

వాల్‌బుర్గా టోపీ సర్దుకుంది. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, అద్దం దగ్గరికి వంగి నెమ్మదిగా అంది. "ఇంకో మాట. మొదటి మలుపులో ఎక్‌హార్ట్ అనవసరంగా బ్రేకు వేశాడు."

ఎవాల్డ్ ఇంకా తేరుకోకముందే సంఘం కోశాధికారి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎనభై రెండేళ్ళ మనిషి, చెంపలు ఎర్రబడి ఉన్నాయి. తన వంతు వచ్చినప్పుడు కూడా ఇదే దారిలో తీసుకెళ్తారా, దానికి ముందే చెప్పుకోవాలా అని అడిగాడు. అతని వెనక మరో ఇద్దరు వరసలో నిలబడ్డారు.

రోస్విథా శ్మశానం దగ్గర ఎదురుచూస్తోంది. ఎక్‌హార్ట్ జరిగిందంతా చెప్పాడు. ఆమె మొగుణ్ణి, ఆ తెల్ల కారుని, దాని రెక్కకి చుట్టుకున్న రిబ్బను ముక్కని చాలాసేపు చూసింది. తిట్టడానికి నోరు తెరిచి, ఫాదర్‌గారు చూస్తున్నారని మూసింది. ఇంటికి వెళ్ళాక ఆ నోరు మళ్ళీ తెరుచుకుంది. అది ఇక్కడ అవసరం లేదు.

రింగ్‌వాళ్ళు కేసు పెట్టలేదు. మిగతా కార్లన్నీ మధ్యలోనే ఆగిపోయాయి గనక, ఆ పొద్దున అక్కడ అందరికన్నా ముందు చుట్టు పూర్తిచేసినవాడు చప్పుడు వ్యతిరేక సంఘం అధ్యక్షుడు లియోన్‌హార్ట్ మీస్. తెల్ల కారుది రెండో స్థానం.