కింద పన్ను

ఆ పొద్దున మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే. కొట్టు తెరిచేలోపు పుచ్చిన పన్ను పీకించుకుని రావాలి. కొట్టు తెరిచినా ఒరిగేది పెద్దగా లేదు. ఊరంతా బ్యాటరీ కార్లు దిగాయి. వాటికి ఇంజను లేదు, ఆయిలు లేదు, పొగ లేదు, మెకానిక్‌కి పని లేదు. అది చాలదన్నట్టు పాత కార్లకి రోడ్డు పన్ను పెంచారు. కొత్తది కొనే తాహతు లేక పాతది తోలేవాడే ఎక్కువ కట్టాలట! గుర్రం కొనలేనివాడి ముక్కుపిండి గాడిదకి సుంకం గుంజడమంటే ఇదే.

అన్నిటినీ మించి పైవాడు. పైవాడంటే దేవుడు కాదు, మేడమీద ఉండే ఇంటి ఓనరు. ఆయన కొత్తగా బ్యాటరీ కారు కొన్నాడు. దాని వాయిదాల కోసం కింద వాటా అద్దె పెంచాడు. "ఒకటో తారీకు నుంచి ఇస్తే ఉండు, లేకపోతే ఖాళీ చెయ్యి" అని నిన్ననే తేల్చేశాడు. ఇప్పుడిచ్చే అద్దెకి ఊళ్లో అగ్గిపెట్టెంత గది కూడా దొరకదు. ఖాళీ చేస్తే పెళ్లాం పిల్లలతో తన పాత కారులోనే కాపురం పెట్టాలి.

మెకానిక్ పెరట్లో నిలబడి పళ్ల డాక్టరుకి ఫోన్ చేశాడు. దవడ వాచి మాట ముద్దగా వస్తోంది కాబట్టి గొంతు చించుకున్నాడు.

"పాత పన్నండీ! ఇన్నాళ్లూ ఎవరికీ చూపించకుండా నెట్టుకొచ్చాం. ఇక దాచి లాభం లేదు. పైదంతా బాగానే ఉంది, గొడవంతా కిందే! బయటికి ఏం తెలీదు, లోపలంతా కుళ్లు. ఇవాళ మీరే తేల్చెయ్యాలి!"

మేడమీద టీ తాగుతున్న పైవాడికి పొలమారింది. మేడ ఒక్కటే లెక్కలో చూపించి, కింద వాటాకి ఏళ్ల తరబడి ఇంటి పన్ను ఎగ్గొడుతున్న ఘనుడాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం లోకరీతి. ఈయన గోడలు తడుముకుంటూ ఒంటి చెప్పుతో మెట్లు దిగాడు.

అప్పటికే మెకానిక్ నోటినిండా దూది కుక్కుకున్నాడు. భార్య గుమ్మంలో ఉంది.

"ఏంటమ్మా, మీ ఆయన పన్ను పన్ను అని అరుస్తున్నాడు?"

"రాత్రంతా అదే గోల అన్నయ్యగారూ. ఇవాళ తాడోపేడో తేల్చుకుంటారట."

"ఎవరి దగ్గర?"

"ఎవరో పెద్దాయన. లైటు వేసి మూలమూలా చూస్తారట. అడుగుదాకా ఫొటోలు తీస్తారట."

"ఫొటోలా! తీసి?"

"ఏముందీ, పీకేస్తారు."

పైవాడు గుమ్మం పట్టుకున్నాడు. "మొత్తమా?"

"కిందదేలెండి. వదిలేస్తే పక్కవాటికీ పాకుతుందట."

పక్క వీధిలో పైవాడికి మరో ఇల్లుంది.

ఈలోగా మెకానిక్ పాత కారు నాలుగుసార్లు దగ్గి మొరాయించింది. పైవాడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఆ డొక్కు ఎందుకు తమ్ముడూ! నా కారెక్కు, దారిలో మాట్లాడుకుందాం."

నిన్నటిదాకా 'ఏమోయ్'. ఇవాళ తమ్ముడు! నొప్పికి కళ్లు బైర్లు కమ్ముతున్న మెకానిక్ ఎక్కి కూలబడ్డాడు.

"అద్దె పెంచనులే తమ్ముడూ, సరేనా?"

కారు గుంతలో పడింది. "ఊఁహూఁ!" అని మూలిగాడు మెకానిక్.

"పోనీ, తగ్గిస్తా!"

ఇంకో గుంత. "ఊఁహూఁహూఁ!"

రోడ్డు పన్ను పేరుతో అంత పిండుకున్నవాళ్లు గుంతల విషయంలో మాత్రం లోటు చెయ్యలేదు.

"నీ కారు రోడ్డు పన్ను కూడా నేనే కడతానయ్యా! కింద వాటా దాచానన్న మాట మాత్రం ఆ ఆఫీసరు చెవిన వెయ్యకు!"

మెకానిక్ దవడ పట్టుకుని ఆయనవైపు వింతగా చూశాడు. అంతలో కారు చప్పుడు లేకుండా ఆగిపోయింది. కంగారులో పైవాడు చార్జింగ్ సంగతే చూసుకోలేదు. మెకానిక్ దిగబోతే ఒప్పుకోలేదు. "నువ్వు కూర్చో నాయనా, స్టీరింగ్ పట్టుకో చాలు" అని తనే ఒంటి చెప్పుతో తోశాడు. జనం నిలబడి చూశారు. మెకానిక్ కారుని తిన్నగా పన్ను బొమ్మ వేసిన బోర్డు కిందికి తిప్పాడు.

"ఇక్కడ ఆపావేం?" పైవాడు రొప్పుతున్నాడు. "పన్ను ఆఫీసు ఆ చౌరస్తా దాటాక కదా!"

మెకానిక్ దూది తీసి నోరు తెరిచి చూపించాడు.

"ఈ పన్నా!" పైవాడి మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. "ఏమోయ్! నేనన్నవన్నీ రద్దు! పెంచిన అద్దె ఇచ్చి తీరాలి, లేదా ఖాళీ చెయ్యి!"

మెకానిక్ పన్ను పీకించుకుని వచ్చేసరికి పైవాడు ఇంకా అక్కడే, కదలని కారుకి కాపలా కాస్తున్నాడు. మెకానిక్‌కి సగం దవడ మొద్దుబారినా మాట మాత్రం సూటిగా వచ్చింది.

"నొప్పి పోయిందండీ. ఇందాక ఏమన్నారు, పన్ను ఆఫీసు చౌరస్తా దాటాకనా?"

పైవాడు చప్పున అడ్డం వచ్చాడు. "ఎండలో అంతదూరం ఎందుకు తమ్ముడూ... అద్దె నువ్వెంతంటే అంతే."

ఆ రోజు ఊడింది మెకానిక్ పన్ను, పళ్లు నూరుతున్నది మాత్రం పైవాడు.