ఊరు తిరిగే నలభై బల్లలు

బడిలో బల్లలు ఉండకూడదు. అప్పుడప్పుడూ వచ్చి పోతుండాలి!

ఈ మాట వినగానే మీరు ముఖం చిట్లించారని నాకు తెలుసు. మీ పిల్లలు టై కట్టుకుని, వ్యాను ఎక్కి, కదలని బల్లలున్న బడికి పోతున్నారు మరి. ఈ సుఖం మీకెలా తెలుస్తుంది? మా మునిసిపల్ హైస్కూలు పిల్లల్ని అడగండి, చెబుతారు. ఊరి పేరు మాత్రం అడగకండి. తాడిపత్రిలో లారీ ఎక్కితే ముప్పావు గంట ప్రయాణం, ఊరంతా బండలు కోసే మిషన్ల రొద, ఇళ్ల మీద తెల్లటి దుమ్ము. అంతకు మించి చెబితే మా వీధి కొళాయికి వారానికొకసారి వచ్చే నీళ్లు కూడా రావు.

ముందుగా మా బడికి పట్టిన భాగ్యం గురించి చెప్పాలి. ఎక్కడైనా బడికి ఒక్క యజమానే ఉంటాడు. మా బడికి ఇద్దరు. గోడలు, పైకప్పు, ఊడ్చే మనిషి మునిసిపాలిటీవి. పాఠాలు, పరీక్షలు, తనిఖీలు విద్యాశాఖవి. పిల్లలు ఎవరి లెక్కలోకి వస్తారో ఇంకా తేలలేదు.

కప్పు కారితే హెడ్మాస్టరు మునిసిపాలిటీకి ఉత్తరం రాస్తారు. అందులో పిల్లలు తడుస్తున్నారని ఉంది కాబట్టి ఇది విద్యాశాఖ వ్యవహారమని మునిసిపాలిటీ వారు అటు పంపిస్తారు. అందులో కప్పు అని ఉంది కాబట్టి ఇది మునిసిపాలిటీ వ్యవహారమని విద్యాశాఖ వారు ఇటు పంపిస్తారు. ఉత్తరం అలా తిరుగుతుండగానే వాన వెలిసిపోతుంది. మా జిల్లాలో వాన ఏడాదికి నాలుగుసార్లు పడితే గొప్ప. కాబట్టి ఐదో ఉత్తరం రాసే కష్టం మా హెడ్మాస్టర్లకు ఇంతవరకు రాలేదు!

హెడ్మాస్టరు అన్నాను గానీ ఆ పోస్టు ఆరేళ్లుగా ఖాళీ. ఇన్‌చార్జిగా ఉన్న రామాంజనేయులు సారు తెలుగు పండితుడు. లెక్కల మాస్టరు పోస్టు కూడా ఖాళీయే కాబట్టి లెక్కలు కూడా ఆయనే చెబుతారు. పైథాగరస్ సిద్ధాంతాన్ని ఆయన పద్యంలా రాగం తీసి చెబుతారట. పిల్లలకు రాగం బాగానే గుర్తుంది.

ఇక అసలు సంగతి. మా ఊళ్లో మునిసిపల్ హైస్కూళ్లు నాలుగు. ఐదేళ్ల కిందట ఏదో పథకం కింద బల్లలకు నిధులు వచ్చాయి. వచ్చింది ఒక్క బడికి సరిపడా. మాకంటే మాకని నలుగురు హెడ్మాస్టర్లూ పట్టుబట్టారు. అప్పుడు మునిసిపాలిటీ వారు చాలా ధర్మంగా ఆలోచించి, నలభై బల్లలు చేయించి, అవి నాలుగు బడులకూ ఉమ్మడి అని తీర్మానించారు. నాలుగు బడుల రిజిస్టర్లలోనూ నలభయ్యేసి బల్లలు ఎక్కాయి. ఒక్కరి మనసూ నొప్పించకుండా ఇంత అందంగా పంచడం మీ వల్ల అవుతుందా?

అప్పటి నుంచి ఏర్పాటు చక్కగా నడుస్తోంది. తనిఖీ జీపు ఏ బడికి వస్తుందో ముందు రోజే తెలిసిపోతుంది. ఎలా అని అడగకండి. ఆఫీసులో టీ అందించే మనిషికి నలుగురు హెడ్మాస్టర్లూ కావలసినవాళ్లే. వెంటనే చౌడప్పకు కబురు పోతుంది. చౌడప్పకు ఒక ట్రాక్టరు ఉంది. మామూలు రోజుల్లో బండలు తోలుతాడు, తనిఖీ రోజుల్లో బల్లలు తోలుతాడు. జీపు రావడానికి సరిగ్గా అరగంట ముందు బల్లలు దిగిపోతాయి. ఐదేళ్లలో ఒక్కసారి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

బల్ల మీద బడి పేరు ఉండాలని ఒక నిబంధన. అందుకని ప్రతిసారీ వీపు ఆనే చోట పచ్చరంగు కొట్టి, పాత పేరు కప్పి, తెల్లరంగుతో కొత్త పేరు రాస్తారు. ఆరేంత వ్యవధి ఉండదు. అధికారి వెళ్లిపోయాక పిల్లలు లేస్తే ప్రతి చొక్కా వీపు మీదా బడి పేరు తిరగేసి అచ్చయి ఉంటుంది. యూనిఫారం మీద కూడా బడి పేరు ఉండాలని ఇంకో నిబంధన ఉంది. అదీ ఖర్చు లేకుండా తీరిపోయింది!

దీనివల్ల పిల్లలకు కలిగే లాభాలు మీరు ఊహించలేరు. రోజూ నేల మీద కూర్చుంటారు కాబట్టి నడుములు గట్టిగా ఉంటాయి. ఏడాదికి రెండు మూడు రోజులే బల్ల దక్కుతుంది కాబట్టి దాని మీద భక్తి ఉంటుంది. ప్రైవేటు బళ్లలో కాంపాసు ముల్లుతో బల్లలన్నీ చెక్కి పారేస్తారు. మా నలభై బల్లల్లో ఒక్కదాని మీదే పేరు చెక్కి ఉంది. ఓబిలేష్ అని. ఆ ఓబిలేష్ ఎవరో, ఏ బడివాడో, అంత తక్కువ సమయంలో అంత లోతుగా ఎలా చెక్కాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంత మంచి ఏర్పాటుకు పోయిన ఏడాది, అంటే 2005లో, ఒక చిక్కు వచ్చిపడింది.

పదో తరగతి పరీక్షలకు మా ఊళ్లో సెంటరు లేదు. ఇరవై రెండు కిలోమీటర్ల అవతల పక్క ఊరికి పోయి రాయాలి. పొద్దున పోయేది ఒకే బస్సు. అది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఏటా కొందరు పరీక్షకు అందుకోలేరు. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. ఫలితాలు వచ్చాక మునిసిపల్ స్కూళ్ల శాతం చూసి, ఈ పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదని సమీక్షా సమావేశంలో రాసుకుంటారు. బస్సుకు శ్రద్ధ ఉందో లేదో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

బండల ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ నడిపే ఓబన్నకు ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి సరళ. మూడేళ్ల కిందట లెక్కల పరీక్ష రోజున బస్టాండులో రెండు గంటలు నిలబడింది. బస్సు రాలేదు. మిగతా సబ్జెక్టులన్నీ పాసై, ఆ ఒక్కటి పోయింది. అక్కడితో చదువు ఆగింది. ఇప్పుడు తండ్రి పాలిష్ పట్టిన బండల్ని ఆ పిల్ల నీళ్లు పోసి కడుగుతుంది. చిన్నమ్మాయి అశ్విని పోయిన ఏడాది పదికి వచ్చింది.

ఓబన్న రామాంజనేయులు సారు దగ్గరికి వచ్చి ఒకే మాట చెప్పాడు.

"సార్, పెద్దదాన్ని ఆ ఊరికి పంపితే ఏమైనాదో చూసినాం కదా. ఈడ సెంటరొస్తే చిన్నది రాస్తాది. రాకుంటే అదీ మాతో పాటే ఫ్యాక్టరీకి వస్తాది."

సారు సెంటరు కోసం దరఖాస్తు పెట్టారు. అది చూసి మిగతా మూడు బడులూ పెట్టాయి. సెంటరు ఇవ్వాలంటే సరిపడా బల్లలు ఉండాలి. అధికారి స్వయంగా వచ్చి చూశారు. సోమవారం ఒక బడి, మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి, గురువారం ఒకటి. ఆ నాలుగు రోజులూ చౌడప్ప ట్రాక్టరుకు తీరిక లేదు.

గురువారం నాడు అధికారి బల్ల మీద చెయ్యి వేసి, పచ్చరంగు అంటిన వేళ్లు చూసుకుంటూ, "అన్ని బడుల్లో ఒకే నాణ్యత. చేసిన వడ్రంగి ఒకడేనా?" అని అడిగారట.

"ఒకడే సార్," అన్నారట ఆ బడి హెడ్మాస్టరు. అందులో అబద్ధం ఏముంది?

నాలుగు బడులకూ సెంటర్లు మంజూరయ్యాయి. నివేదికలో చివరన, ఓబిలేష్ అనే విద్యార్థి నాలుగు పాఠశాలల్లోనూ బల్లలు పాడుచేస్తున్నాడు, మందలించవలెను అని కూడా రాశారు. ఊరంతా సంబరపడింది. నేనూ పడ్డాను.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం రామాంజనేయులు సారు చౌడప్పకు ఫోను చేశారు.

"సార్, నలుగురు హెడ్మాస్టర్లూ ఫోను చేసినారు," అన్నాడు చౌడప్ప. "రేపు పొద్దున తొమ్మిదిన్నరకు నలుగురికీ బల్లలు కావాలంట. నేను యాడికని తోలేది?"

తనిఖీలు నాలుగు రోజులు జరుగుతాయి. పరీక్ష అన్ని చోట్లా ఒకే రోజు, ఒకే గంటకు జరుగుతుంది. ఈ ముక్క నాలుగు బడుల్లో ఏ ఒక్కరికీ తట్టలేదు. నాలుగింట్లోనూ లెక్కల మాస్టరు లేని ఫలితం అక్కడ బయటపడింది.

పంచుకుంటే తలా పది బల్లలు వచ్చాయి. మా సెంటరులో రాసేది నూట ఇరవై మంది. పరీక్షల ఆఫీసుకు ఫోను చేస్తే, నేల మీద రాయిస్తే ఒప్పుకోము, పిల్లల్ని పాత సెంటరుకే పంపిస్తామన్నారు. పాత సెంటరంటే ఆ పక్క ఊరే. పాత బస్సే.

సారు సైకిలెక్కి ఫ్యాక్టరీకి పోయారు. ఓబన్నకు సంగతి చెప్పారు. ఓబన్న మిషన్ ఆపి, గేటు బయట గుట్టగా పడి ఉన్న బండలు చూపించాడు.

"అంచులు ఇరిగినవి సార్. ఎవరూ కొనరు. కూచోనీకి, రాసుకోనీకి అంచు బాగుండాల్సిన పని లేదు కదా."

ఫ్యాక్టరీ యజమాని తల ఊపాడు. మిషన్ల దగ్గరున్న వాళ్లంతా కదిలారు. వాళ్ల పిల్లలు కూడా ఆ బడిలోనే చదువుతారు. చౌడప్ప ట్రాక్టరు మళ్లీ బండలకు తిరిగింది. ఇటుకల మీద ఒక బండ కూర్చోవడానికి, దాని ముందు కాస్త ఎత్తులో ఇంకొకటి రాసుకోవడానికి. ఇటుకకు ఇటుకకు మధ్య సిమెంటు. చీకటి పడేలోగా ఇద్దరేసి కూర్చుని రాసే వరసలు యాభై అయిదు లేచాయి.

అంతకు ముందు, బండలు ట్రాక్టరు ఎక్కకముందే, సరళ మాత్రం రాసుకునే బండలు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసింది.

"నాయనా, ఇవి గరుకుగా ఉండాయి. పేపరు చినుగుతాది. ఇంకొకసారి పాలిష్ పట్టల్ల."

పట్టారు. మరుసటి రోజు అశ్విని ఆ బండ మీదే రాసింది. అన్ని పరీక్షలూ రాసింది. ఇప్పుడు ఊళ్లోనే ఇంటర్ మొదటి ఏడాది చదువుతోంది. ఆ ఏడాది మా బడి శాతం ఎన్నడూ లేనంత పెరిగింది. సమీక్షా సమావేశంలో, పిల్లలకు ఉన్నట్టుండి శ్రద్ధ పెరిగినట్టు రాసుకున్నారు.

ఇంతటితో నా సిద్ధాంతం ఓడిపోయిందని మీరు అనుకుంటున్నారు. తొందరపడకండి.

జూలైలో బడికి రెండు మెమోలు వచ్చాయి. బండలు నేలకు అతికించి ఉన్నాయి కాబట్టి అవి భవనంలో భాగం, మా అనుమతి లేకుండా ఎలా కట్టారని మునిసిపాలిటీ అడిగింది. పిల్లలు కూర్చుంటున్నారు కాబట్టి అవి ఫర్నిచరు, మా అనుమతి లేకుండా ఎలా పెట్టారని విద్యాశాఖ అడిగింది. పైగా ఇవి కదలవు కాబట్టి ఉమ్మడి వాడకానికి పనికిరావు, తొలగించవలెను అని ఇద్దరూ అన్నారు. మా బడి చరిత్రలో ఇద్దరు యజమానులూ ఒకే వస్తువును మాదంటే మాదనడం అదే మొదటిసారి!

ఏమని జవాబు రాయాలని సారు ఓబన్ననే అడిగారు.

"ఒక్కో బండకు నలుగురు మనుషులు కావల్ల సార్. తియ్యమన్నోళ్లే వచ్చి తియ్యమని రాయండి," అన్నాడు ఓబన్న.

సారు దాన్నే మంచి గ్రాంథికంలోకి మార్చి రాశారు. బండలు తీసే అధికారం ఎవరిదో తేలాలి కదా. ఆ ఫైలు ఇప్పుడు ఆ ఆఫీసుకు, ఈ ఆఫీసుకు మధ్య తిరుగుతోంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు చెబుతాను. నలభై బల్లల్ని ఐదేళ్లపాటు, జీపు కంటే అరగంట ముందు, ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా చేర్చగలిగింది మా ఊరు. ఒక ఆడపిల్లను ఒక్క రోజు లెక్కల పరీక్షకు చేర్చలేకపోయింది. నాకు అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఆ రోజు బస్టాండులో సరళను నేనూ చూశాను. బస్సు వస్తుందిలే అమ్మా అని చెప్పి, నా పని మీద నేను పోయాను.

సరళ ఈసారి ప్రైవేటుగా లెక్కల పరీక్షకు కట్టింది. సెంటరు మా బడే. మార్చిలో, తాను పాలిష్ పట్టించిన బండ మీద కూర్చుని రాస్తుంది.

కాబట్టి రెండు ఆఫీసుల పెద్దలకూ చేతులెత్తి మొక్కుతున్నాను. ఆ బండలు ఎవరివో దయచేసి మార్చి దాకా తేల్చకండి. మీకు చేతకాని పనేమీ నేను అడగడం లేదు.