అధ్యక్షులవారి ఆకలి

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ ఏటా కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్ళేవి. ఉండేదే వనంలో, తినేదీ వనంలోనే, మళ్ళీ వెళ్ళడమేమిటని అడగకండి. అందుకో సంఘం ఉంది, సంఘానికో అధ్యక్షుడున్నాడు. వనభోజనాలు లేకపోతే పాపం వాళ్ళకి పనేముంటుంది?

అధ్యక్షుడు ఏనుగు పెద్దిరాజు. పంక్తిలో మొదటి విస్తరి ఆయనదే. ఆయన ముద్ద ఎత్తాకే మిగతావాళ్ళు ఎత్తాలి. ఆయన లేచేదాకా ఎవరూ లేవకూడదు, ఆయన లేస్తే అందరూ లేవాలి. ఈ నియమంతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే పెద్దిరాజుగారు విస్తరి ముందు కూర్చుంటే ఓ పట్టాన లేచే ఘటం కాదు. తాబేలు కూడా నింపాదిగా మారు వడ్డించుకుని తినేది.

"ఆయన తింటుంటే చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది" అని ఓటర్లు మురిసిపోయేవారు. ఆ ముచ్చట చూసే ఓట్లు వేసేవారు.

ఆ ఏడు పెద్దిరాజుకి మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరు ముళ్ళపంది పరీక్ష చేసి, బరువు తగ్గాలని చెప్పి, వారానికో సూది మొదలుపెట్టింది. సూదులకేం కరువు, వీపు నిండా అవే కదా. మందు బాగా పనిచేసింది. మోకాళ్ళు తేలికపడ్డాయి. ఆకలి మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది.

"వనభోజనాలు దగ్గర పడ్డాయి డాక్టరమ్మా, ఎలాగ?" అని అడిగాడు పెద్దిరాజు.

"భేషుగ్గా తినండి. కాకపోతే చిన్న విస్తరి వేయించుకోండి. ముందు పప్పూ కూరా, తరవాత ఇష్టమైనవి కొంచెం కొంచెం. నిదానంగా నమలండి. చాలనిపిస్తే చాలని చెప్పండి, అంతే."

"చాలని చెప్పాలా? నేనా?" పెద్దిరాజు తొండం అడ్డంగా ఊపాడు. "పండగ మర్నాడే ఎన్నికలు! ఏనుగుకి తిండి సహించడం లేదని తెలిస్తే ఇంక ఈయన పని అయిపోయిందంటారు."

ఆయన భయం ఉత్తుత్తిది కాదు. పదవి పోతుందనుకుంటే ఆయనకి నిద్ర పట్టేది కాదు.

సంఘం కార్యదర్శి తొండ సుబ్బారాయుడు. ఎవరేం చెప్పినా తలాడించడమే అతని అర్హత. ఈసారి మాత్రం తలాడిస్తూనే ఓ ఉపాయం చెప్పాడు.

"తమకు ఆకలి తగ్గిందని ఎందుకు చెప్పుకోవాలండీ? అడవికే ఆకలి ఎక్కువైందని చెబుదాం."

సాయంత్రానికల్లా తీర్మానం అయిపోయింది. ఈ ఏడు మితాహార వనభోజనం. ప్రజల ఆరోగ్యం కోసం అధ్యక్షులవారు తొందరగా లేస్తారు, అందరూ లేవాలి. సభ్యులు చప్పట్లు కొట్టారు. అందరూ ఇంటి దగ్గర సుష్టుగా తిని వచ్చినవాళ్ళే.

పండగ రోజు ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు పడ్డాయి. కార్తీకం కనక పులి కూడా నీచు మానేసింది, జింకలు ధైర్యంగా దాని పక్కనే కూర్చున్నాయి. వంట ఎలుగుబంటి రత్తమ్మది. పులిహోర, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పూర్ణం బూరెలు, పాయసం. ఆ వాసనకి పొద్దుటినించీ కడుపు మాడ్చుకుని కూర్చున్న కుందేళ్ళకి కళ్ళు తిరిగాయి.

పెద్దిరాజు నాలుగు ముద్దలు తిన్నాడు. కడుపు నిండిపోయింది.

"అయ్యగారూ, ఈ బూరెలో నెయ్యి పోశాను. తినకపోతే నా మీద ఒట్టే" అంది రత్తమ్మ.

ఓటర్లు చూస్తున్నారు. బూరె నోట్లో పెట్టుకున్నాడు. సగం దిగేసరికి వికారం మొదలైంది. బుట్టెడు బూరెలు అవలీలగా తిన్న రోజులు గుర్తొచ్చి ఆయనకి ఏడుపొచ్చింది. ఇంక ఆగలేక, "ఆరోగ్యమే మహాభాగ్యం" అంటూ లేచాడు.

పంక్తంతా లేచింది. జింకకి ఇంకా దప్పళం రాలేదు. కుందేలు బూరె కొరకనే లేదు. రత్తమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంత పాయసం ఎవరికి పొయ్యను? ఏట్లో పొయ్యనా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఒక్కడు మాత్రం లేవలేదు. అడవిపంది కోటయ్య.

"లేవవోయ్ కోటయ్యా!" అని అరిచాడు తొండ.

కోటయ్యకి వినపడితేగా! మూతి పనసపొట్టు కూరలో ఉంది, చెవులు విస్తరిలోకి వాలిపోయాయి. కాసేపటికి తలెత్తి, "రత్తమ్మత్తా, దప్పళం ఇంకాస్త" అన్నాడు.

అడవి నివ్వెరపోయింది.

"ఎంత తెగువ!" అంది జింక.

"తీర్మానాన్నే ధిక్కరించాడు!" అంది కుందేలు, చటుక్కున కూర్చుంటూ. చూస్తుండగానే పంక్తి మొత్తం మళ్ళీ కూర్చుంది. పెద్దిరాజు మాత్రం నిలబడే ఉన్నాడు. కూర్చుంటే తినాలి మరి.

మర్నాడు ఎన్నికల్లో కోటయ్య గెలిచాడు. తాను పోటీలో ఉన్న సంగతి దండ మెడలో పడ్డాకే అతనికి తెలిసింది. ఆ దండ కూడా సగం తినేశాడు. తొండ అప్పటికే పక్కన నిలబడి తలాడిస్తున్నాడు.

మరుసటి ఏడు పెద్దిరాజు పంక్తి చివర చిన్న విస్తరి వేయించుకున్నాడు. కాస్త పప్పు, కాస్త పనసపొట్టు, ఒక్క బూరె. "చాలు రత్తమ్మా" అన్నాడు. మాజీ అధ్యక్షుడు కనక ఎవరూ ఒట్లు పెట్టలేదు. నిదానంగా నమిలాడు. ఎన్నాళ్ళకో బూరె బూరెలా రుచించింది. హాయిగా ఉంది, ఇంటికెళ్ళి కాసేపు నడుం వాలుద్దామనుకున్నాడు.

కానీ కొత్త అధ్యక్షులవారు లేస్తేగా! మధ్యాహ్నం దాటింది, ఎండ వాలింది, దీపాల వేళ కూడా అయింది. కోటయ్య ఇంకా పాయసం పోయించుకుంటూనే ఉన్నాడు. పంక్తిలో అందరి కాళ్ళూ తిమ్మిరెక్కాయి. పొట్ట ఉబ్బిపోయిన కుందేలు పెద్దిరాజు వైపు జరిగింది.

"తాతగారూ, ఈయన ఎప్పటికి లేస్తాడంటారు?"

"అదేమిటమ్మా, లేవడనేగా మీరు ఓట్లేసింది!" అన్నాడు పెద్దిరాజు.

నీతి కావాలనేవారు ఇది పట్టుకెళ్ళండి: నాయకుడి ఆశయాలు ఎంత పెద్దవైనా ఫర్వాలేదు, ఆకలి మాత్రం మనకున్నంతే ఉండాలి.